చింతపండు పెట్టి తోమిన లేతు

పోయిన వారం హైదరాబాదు నుంచి ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. ఉద్యోగం కంప్యూటర్ల మీద, సరదా ఇనుము మీద. ఇనుము చెక్కే పాతకాలపు చిన్న లేతు మిషన్ ఎక్కడైనా దొరికితే తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలని తిరుగుతున్నాడట. నా కళ్లకు శుక్లాలు కమ్మాయనీ కుడిచెయ్యి వణుకుతున్నదనీ బెంగపడుతున్న మా అమ్మాయి, మహబూబ్‌నగర్ నుంచి ఫోనులో అన్నీ మాట్లాడి అతన్ని పంపించింది. నేనూ సరేనన్నాను. వచ్చినవాడు మంచినీళ్లు తాగి, లోపలికి వచ్చి, లేతు చుట్టూ రెండుసార్లు తిరిగి, సెల్‌ఫోను వెలుతురు వేసి, పనిముట్టు బండి జారే పట్టాల మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నిమిరాడు. ఆ కొసన జానెడు మేర చెయ్యి ఆగింది. అక్కడ ఇనుము నున్నగా ఉండదు, చిన్నచిన్న గుంటలు, నల్లటి మచ్చలు. మొహం అదోలా పెట్టి, మెయింటెనెన్స్ సరిగ్గా లేదు అంకుల్ అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా లేతు ముందు నిలబడ్డవాణ్ణి, సాయంత్రం చెయ్యి కడుక్కునే ముందు మిషన్ తుడిచి నూనె పూయనిదే ఇంటికి పోనివాణ్ణి, నాకు మెయింటెనెన్స్ చెప్పేవాడొకడు దొరికాడు. నోటిదాకా వచ్చిన మాట అనే లోపలే బయట మంచం మీద నుంచి నా చెల్లెలు అతనికి జవాబు చెప్పింది. ఆ జవాబు విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు, కోపమూ దిగలేదు. ఎవరి మీద కోపమో మీకు అర్థం కావాలంటే ఆ మచ్చల సంగతి మొదటి నుంచి చెప్పాలి.

మాది దేవరకొండ దగ్గరి ఊరు, గొర్రెలు మేపుకునే ఇల్లు. నేను పదహారో ఏట మంద వదిలేసి పట్నం పోయి, ఒక ఫ్యాక్టరీలో ఊడ్చే పనిలో చేరి, మెల్లగా లేతు పని నేర్చుకున్నాను. నాయిన తర్వాత మందను చూసుకున్నది చెల్లెలే. పెళ్లయిన నాలుగేళ్లకే మొగుడు పోతే పుట్టింటికి తిరిగివచ్చి, కర్ర పట్టుకుని, మగవాళ్లతో సమానంగా గొర్రెలను కృష్ణ ఒడ్డు దాకా తోలుకుపోయి వర్షాలకు తిరిగి తోలుకొచ్చేది. నేను పట్నంలో నల్లా నీళ్లు తాగాను. ఆమె ఊళ్లో పంపు నీళ్లు తాగింది. మా ఇద్దరికీ తేడా అంతే, ఇంకేమీ లేదు.

ఆ పంపు వచ్చిన రోజు నాకు బాగా జ్ఞాపకం. నా ఈడు వాళ్లకు మీ మీ ఊళ్లలో కూడా జ్ఞాపకం ఉండే ఉంటుంది. అప్పటిదాకా అడుగంటిన బావిలో దిగి చెంబులతో ముంచుకున్నవాళ్లం, పిడి కొడితే నీళ్లు దుముకుతుంటే దేవుడు వచ్చాడనుకున్నాం. అవ్వ స్వయంగా దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఆ నీళ్లు తియ్యగా కూడా ఉండేవి. మా చెల్లెలి పళ్లు పదేళ్ల వయసుకే పచ్చబడ్డాయి, నలభై దాటేసరికి మెడ తిరగడం మానేసింది, తర్వాత మోకాళ్లు ఒకదానికొకటి ఎడమైనాయి, వీపు వంగింది, మోచేతులు సగంలో బిగుసుకుపోయాయి. నీళ్లలో ఫ్లోరైడు ఉందని వచ్చి చెప్పినవాళ్లు పంపుకు ఎర్ర రంగు పూసి పోయారు. వేరే నీళ్లు మాత్రం చూపించలేదు. ఎర్ర రంగు చూస్తూనే అదే పంపు కొట్టి అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగారు మా వాళ్లు. ఇప్పటికీ ఆ ఎర్ర రంగు గుర్తొస్తే నాకు పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

రాష్ట్రం వచ్చిన ఏడాది నేను ఊరికి తిరిగొచ్చాను. మా ఇంటావిడ అప్పటికే లేదు, అమ్మాయి పెళ్లి చేసుకుని మహబూబ్‌నగర్‌లో స్థిరపడింది. ఊళ్లో నాకు మిగిలింది చెల్లెలు. మందకు ఒక కాపరిని పెట్టుకుని తాను వాకిట్లో మంచం మీద కూచునేది. గొర్రెల దొడ్డి మా ఇంటి నుంచి వంద అడుగులు ఉంటుంది, కనిపిస్తూనే ఉంటుంది, కానీ ఎవరైనా పట్టుకుని నడిపిస్తే తప్ప ఆమె పోలేకపోయేది. ఈనిన గొర్రెను చూడాలన్నా, జబ్బు చేసిన పిల్లను తడమాలన్నా, పక్కింటి ఆడవాళ్ల పని అయ్యేదాకా కాచుకోవాలి. కొండల్లో ఒంటరిగా తిరిగిన మనిషి. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, తన కాళ్ల మీద తాను దొడ్డి దాకా పోవాలని.

దవాఖానవాళ్లు శిబిరం పెట్టినప్పుడల్లా చేతికర్రలు ఇచ్చేవాళ్లు. ఎవరు వచ్చినా ముందు ఈ వంకర మనుషులను వరసగా నిలబెట్టి ఫొటోలు తీసుకునేవాళ్లు, తర్వాత అందరికీ ఒకే కొలత కర్ర. నిటారుగా నిలబడి, చెయ్యి చాపగలిగిన మనిషికి పనికొచ్చే కర్ర అది. చెయ్యి చాపగలిగితే కర్ర ఎందుకు? మా ఇంటి చూరులో అట్లాంటివి నాలుగు జతలు దోపి ఉండేవి. ఒక్కరైనా ఆమె మోచెయ్యి ఎంత వంగిందో టేపు పెట్టి చూసిన పాపాన పోలేదు.

అప్పుడే పాత ఇనుప సామాను కొట్టులో ఈ లేతు కనబడింది. మోటారు లేదు, పనిముట్టు పట్టుకునే దిమ్మె లేదు, పట్టాలు మాత్రం అద్దంలాగా ఉన్నాయి. తెచ్చి మా పాత ఇంటి ముందరి గదిలో దింపాను. మేకపిల్లలు లోపలికి దూరి నూనె డబ్బాలు తన్నేస్తుంటే, గడప మీద ఇంకొక బండ పరిచి మోకాలెత్తు చేశాను. ఆ సంగతి గుర్తు పెట్టుకోండి, నేను పెట్టుకోలేదు. ఆ తర్వాత రెండేళ్లు నేను లేతు మీద చేసిన పనికంటే లేతుకు చేసిన పనే ఎక్కువ. మూలపడ్డ పిండిగిర్ని మోటారు తగిలించాను. ట్రాక్టరు ఇరుసు ముక్క కోసి దిమ్మె చేశాను. పొడుగు గొట్టాలు తిరిగేటప్పుడు ఊగకుండా పట్టుకోవడానికి సీలింగు ఫ్యాను బేరింగులు మూడు పెట్టి ఒక ఊత చేశాను. కోసే ములికి నడిమికి సరిగ్గా ఎత్తు కుదరకపోతే గడ్డం గీసుకునే బ్లేడు ముక్కలు కింద పెట్టి సవరించేవాణ్ణి. ఇప్పుడు ఇవన్నీ డబ్బాలో పెట్టి ఇంటికి పంపుతారట. ఆ అబ్బాయి ఫోనులో చూపించాడు.

చెల్లెలి కోసం నేను అనుకున్న కర్ర వేరు. అరచేత్తో పట్టుకునేది కాదు, మోచేతి నుంచి మణికట్టు దాకా చెయ్యి పడుకోబెట్టుకునే దోనె ఒకటి, దాని కింద గొట్టం, రెంటికీ మధ్య ఒక కీలు. ఆమె కుడిచెయ్యి ఒక వంపులో బిగుసుకుంది, ఎడమది ఇంకో వంపులో. చలికాలం వస్తే నొప్పికి ఆ వంపు కూడా మారేది. అందుకని కీలు ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో బిగిసి నిలబడాలి. మొదట రెండు నున్నటి బిళ్లలు ఒకదానికొకటి ఆనించి నట్టు బిగించి ఇచ్చాను. నాలుగు రోజులు బాగానే నడిచింది. అయిదో రోజు దొడ్డి ముందు కీలు జారి ముందుకు పడింది, చేతులు చాపి ఆపుకోలేని మనిషి కనుక గడ్డం నేరుగా రాయికి తగిలింది. రక్తం తుడుచుకుంటూ, సగం దూరం అయితే పోయిన గదా అన్నది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, నా పని మీద నాకే.

ఇక ఆ బిళ్లలకు పళ్లు కొయ్యాలని పట్టుబట్టాను. ఒకదాని పళ్లు ఇంకోదాని సందుల్లో కూచుంటే ఏనుగు ఎక్కినా జారదు. అయితే నా లేతు గుండ్రంగా చెక్కగలదు గాని పళ్లు కొయ్యలేదు. దానికి ఆ పని నేర్పించడానికి మూడు నెలలు పట్టింది. తిరిగే కుదురు వెనక అరవై పళ్ల చక్రం ఒకటి బిగించి, ఆ పళ్ల సందులో దిగేటట్టు స్ప్రింగు మేకు అమర్చాను. ఒక్కో పన్ను జరిపి మేకు దింపితే బిళ్ల కదలకుండా నిలబడుతుంది. పనిముట్టు బండిని నడిపే మరను ఊడబీకి, ఆ స్థానంలో పొడుగాటి చేతిపిడి పెట్టాను. మోటారుతో పని లేదు, పిడి లాగితే బిళ్ల మీద ఒక గీత పడుతుంది. ఒక్కో పంటికి ముప్పైసార్లు లాగాలి. ఆ పిడి ఏమిటనుకున్నారు, అప్పటికి ఊళ్లోకి నల్లా నీళ్లు వచ్చి మూలపడేసిన మా చేతిపంపు పిడే. కసిగా తెచ్చి పెట్టుకున్నాను. ఎవరి ఎముకలు తిన్నదో ఆమె కోసం అది పని చెయ్యాలని నా పంతం. పిడి లాగిన ప్రతిసారీ దాన్ని తిట్టేవాణ్ణి.

కుడిచేతి కీలు కుదిరింది. బిగిస్తే గుండులాగా నిలబడింది. ఎడమచేతిది మొదలుపెట్టే వేళకు దసరా వచ్చింది. మా అమ్మాయి రమ్మని పోరుతుంటే మహబూబ్‌నగర్ బయలుదేరాను. పోతూ పోతూ నేనే చెప్పాను చెల్లెలికి, ఈసారి ఆయుధ పూజ నువ్వే చెయ్యి, లేతు నీదే గదా అని. ప్రేమగా అన్నమాటే అది. ఎట్లా చెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఫ్యాక్టరీలో మేము నూనెగుడ్డతో తుడిచి, రేకు మూత మీద ఒక్క బొట్టు పెట్టి సరిపుచ్చుకునేవాళ్లం. అది ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఆమెకు తెలిసింది మన ఇళ్లలో పూజ సామాను శుభ్రం చేసే పద్ధతి.

మూడు రోజుల తర్వాత తిరిగొచ్చి తలుపు తీస్తే బంతిపూల దండలు వేలాడుతున్నాయి, జమ్మి ఆకు పెట్టి ఉంది, నిమ్మకాయలు, పసుపు కుంకుమ. దండ ఎత్తి చూద్దును గదా, పట్టాలు ఆ కొస నుంచి ఈ కొస దాకా ఇటుక రంగులో ఉన్నాయి. బండి జరగడం లేదు. చక్రం పళ్ల సందుల్లో పసుపు ముద్ద ఎండిపోయింది. పక్కింటి ఆడవాళ్లతో తనను గడప మీదుగా లోపలికి ఎత్తించుకుని, ఇత్తడి చెంబులు తోమినట్టు లేతును చింతపండు పెట్టి తోమి, బిందెలతో నీళ్లు పోసి కడిగి, పూజ చేసిన పనిముట్టును పండుగ దాటేదాకా ముట్టకూడదని తలుపు దగ్గరికి వేసి పెట్టింది. సరిగ్గా పైకి లేవని ఆ చేతులతో ఒక పూటంతా తోమిందట.

నేను వాకిట్లోకి వచ్చాను. పండుగకు వచ్చిన చుట్టాలు ఇంకా ఉన్నారు, పక్కింటివాళ్లు ఉన్నారు. ఎట్లుంది అన్నా మెరిసిందా అని ఆమె నవ్వు మొహంతో అడుగుతున్నది. నాకు ఎర్రటి తుప్పు తప్ప ఇంకేమీ కనబడలేదు. మూడు నెలల పని, రెండేళ్ల పని, అన్నీ కలిసి నోట్లోంచి వచ్చాయి.

"చేతులే వంకర అనుకున్న. నీ బుద్ధి గూడ వంకరే."

మెడ తిప్పలేని మనిషి గనుక మొహం తిప్పుకోవడం కూడా ఆమెకు కుదరలేదు. నన్నే చూస్తూ కూచున్నది. నేనే తల తిప్పుకుని లోపలికి పోయాను.

లేతు పట్టాలను చేతితో గీకి సమం చెయ్యడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు. పాత ఆకురాయి ఒకటి సాన పట్టి గీకుడు ఉలి చేసుకున్నాను. సమంగా ఉందో లేదో చూడటానికి వంటింటి గట్టు కోసం కోసిన నల్లరాయి ముక్క, బట్టలకు పెట్టే నీలిమందు ఆముదంలో కలిపి దానికి పూత. రాయి మీద పెట్టి తీస్తే ఎత్తు ఉన్నచోట నీలం అంటుతుంది, అంటినచోట గీకాలి, మళ్లీ పూయాలి, మళ్లీ గీకాలి. నలభై రోజులు చేశాను. గీకినంతసేపూ చెల్లెలిని తిట్టుకుంటూనే గీకాను, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను. బండి తిరిగే మేర అంతా అయింది. ఆ కొస జానెడు మేరకు వచ్చేసరికి, తుప్పు కింద ఇనుము మీద గీతలు కనబడ్డాయి. మూడు వేళ్ల గీతలు, వంపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి. చెయ్యి చాపలేని మనిషి అక్కడిదాకా అందుకోవడానికి ఎట్లా వంగి తోమిందో ఆ గీతల్లో తెలుస్తున్నది. బండి అక్కడిదాకా రాదులే అని నాకు నేను చెప్పుకుని గీకడం ఆపేశాను. నూనె పూసి వదిలేశాను. నేను చెప్పుకున్న క్షమాపణ అంతే, అదీ ఇనుముకు.

ఎడమచేతి కీలు కూడా కుదిరింది. జత కర్రలు మంచం దగ్గర పెట్టాను. ఆమె ఏమీ అనకుండా వేసుకుని, ఎవరి సాయం లేకుండా దొడ్డి దాకా నడిచి, తడిక తీసుకుని లోపలికి పోయి, గొర్రెల మధ్య చాలాసేపు నిలబడింది. నేను గదిలోంచి చూశాను. ఆ తర్వాత నాతో మామూలుగానే మాట్లాడింది, అన్నం తిన్నావా అని అడిగింది, చలికాలంలో కీలు రెండు పళ్లు వెనక్కి జరపమన్నది. కానీ లేతు గదిలోకి మాత్రం మళ్లీ రాలేదు. ప్రతి దసరాకూ కర్రల మీద నడుచుకుంటూ గడప దాకా వచ్చి, కుంకుమ భరిణె బండ మీద పెట్టి, వెనక్కి తిరిగి పోయేది. నేను లోపల నుంచి చూసేవాణ్ణి. పంతం పట్టింది, పట్టనీ అనుకునేవాణ్ణి. ఇన్ని చేసిన అన్న ఒక్క మాట అన్నాడని ఇన్నేళ్లు సాధిస్తుందా అని నాకు లోలోపల ఉక్రోషం. లోపలికి రా అని ఒక్కసారి పిలిస్తే నా నోరేమీ అరిగిపోయేది కాదు. పిలవలేదు. ఏడేళ్లు ఇట్లాగే గడిచాయి.

పోయిన వానాకాలం నుంచి ఆమె లేవడం లేదు. నడుము కింద పట్టు పోయింది. కర్రలు చూరుకు చేరాయి, ఆ నాలుగు జతల పక్కన.

ఇప్పుడు ఆ అబ్బాయి మాటకు ఆమె ఏమన్నదో చెప్తాను. బయట మంచం మీద నుంచి, కాస్త గర్వంగానే అన్నది.

"గా మిషిన్ నేనే తోమిన బిడ్డా, చింతపండు వెట్టి. మా అన్న తిట్టిండు గని, గా దినం మెరిసినట్టు అది మల్ల ఎన్నడు మెరువలే."

ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. నేను లేతు అమ్మనని చెప్పి పంపించేశాను. అతను పోయాక మంచం దగ్గర కూచుని, ఇన్నేళ్లూ గొంతులో ఉన్నది అడిగాను. అంత అలిగినావా, ఒక్కసారి కూడా లోపలికి రాకపోతివి అని. ఆమె నన్ను వింతగా చూసింది.

"అలిగిన, ఒక నెల. అటెన్క వద్దామనే అనుకున్న. గీ కర్రలతోని గంత ఎత్తు గడప ఎట్ల దాటుత అన్నా? నీకే ఎర్కైతదనుకున్న."

నేను లేచి వచ్చి ఆ గడప ముందు నిలబడ్డాను. నా చేతులతో నేను ఎత్తు పెంచిన గడప. ఆమె మోచేతి వంపు నాకు ఒక్క పంటి తేడాతో తెలుసు, మణికట్టు చుట్టుకొలత తెలుసు, అడుగు ఎంత దూరం పడుతుందో తెలుసు. ఒకే కొలత కర్రలు పంచిపోయినవాళ్లను ఇన్నేళ్లు తిట్టాను. వాళ్లు ఒక్క పూట వచ్చి పోయినవాళ్లు. నేను రోజుకు పదిసార్లు ఆ గడప దాటుతూ, ఆమె గడప ముందు ఆగి వెనక్కి మళ్లడం కళ్లారా చూస్తూ, దానికి పొగరు అని పేరు పెట్టాను.

మర్నాడే ఒక పెద్ద బండ తెప్పించి గడపకు ఏటవాలుగా వేయించాను. మంచం మీద నుంచి చూసి, బాగున్నది అన్నా అన్నది. ఎత్తుకుని లోపలికి తీసుకుపోతానంటే వద్దన్నది, ఒకసారి ఎత్తించుకుని పోయింది చాలట.

మా ఊరి పిల్లల పళ్లు ఇప్పుడు తెల్లగా ఉన్నాయి, కాళ్లు నిటారుగా ఉన్నాయి. నల్లా తిప్పితే నీళ్లు వస్తాయి, బడికి ఉరుక్కుంటూ పోతారు. ఇంకొక ముప్పై ఏళ్లకు అసలు వంకర చేతికి కర్ర ఎందుకు కావాలో కూడా ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. అరవై పళ్ల చక్రం, స్ప్రింగు మేకు, పంపు పిడి ఇంకా లేతుకు అట్లాగే ఉన్నాయి. వాటితో చేయవలసిన పని ఇక ఈ ఊళ్లో లేదు. సంతోషించవలసిన మార్పే. కానీ ఆ సంతోషం నా దాకా రావడం లేదు. బండ వేసి ఇవాళ్టికి నాలుగు రోజులు. మేకపిల్లలు దాని మీద ఎక్కి దిగుతున్నాయి, లోపలికి దూరి నూనె డబ్బాలు తన్నేస్తున్నాయి. నేను వాటిని తోలడం లేదు.